దండెం విప్పిన రోజు

పందొమ్మిదివందల నలభైల్లో మేం బెజవాడ గవర్నర్‌పేటలో ఓ అద్దె వాటాలో ఉండేవాళ్ళం. మాది నేత కుటుంబం. నాన్న వసారాలో గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. అమ్మ నూలుకు గంజి పెట్టి, తడి నూలు కట్టల్ని, అదే చిలపల్ని, గోడ వెంట కట్టిన ఇనప దండెం మీద ఆరేసేది. ఇంటివారు దివిసీమ రైతు, మంచి మనిషి. అద్దెకున్న వాళ్ళకి కూడా కరెంటు దీపం పెట్టించిన మారాజని వీధంతా చెప్పుకునేది. నేనూ బళ్ళో చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

ఆ వానాకాలం, దండెం ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని అమ్మ అంది. మళ్ళీ అలాగే అయ్యేసరికి నాన్నకు భయం వేసింది. దండెం మేకులు గోడలో దిగిన చోటే, చెక్క పట్టీ కింద దీపం తీగలు వెళ్ళేవి. నాన్న వెళ్ళి ఇంటివారితో చెప్పాడు. ఆయన విసుక్కోలేదు. కరెంటు ఆఫీసు నుంచి ఇనస్పెక్టరు గారిని పిలిపించి మొత్తం చూపిస్తానన్నారు.

ఇక మా ఇంట్లో హడావిడి చూడాలి. అంతటి మనిషి వస్తుంటే ఇల్లు ఇలాగా ఉండేది అని నాన్న చిలపలన్నీ దింపేశాడు. దండెం విప్పి, చుట్టచుట్టి అటకెక్కించాడు. గంజి తొట్టి పెరట్లోకి పోయింది. అమ్మ గడపకు పసుపు రాసి, గోడ తడారాలని వసారాలో కుంపటి రాజేసింది.

ఇనస్పెక్టరు గారు వచ్చారు. దీపం, స్విచ్చి చూశారు. తీగల్లోంచి కరెంటు బయటికి కారుతోందేమో చూసే, చేతిపిడి ఉన్న ఓ పెట్టె తెచ్చి, తీగలకు తగిలించి పిడి తిప్పారు. అంతా బాగానే ఉందన్నారు. ఎవరికైనా షాకు కొట్టిందా అని అడిగారు. ఇంటివారు పక్కనే నిలబడి ఉన్నారు.

"ఏదో కాస్త జిల్లుమందన్నారండీ ఆడవాళ్ళు. ఇప్పుడేం లేదండీ," అన్నాడు నాన్న.

అమ్మ తలుపు వెనకే ఉంది. పరాయి మగవాళ్ళ ముందుకు వచ్చే అలవాటు ఆమెకు లేదు. ఆమెను పిలిచి అడుగుదామని ఎవరికీ తోచలేదు. లోపలినుంచి కాఫీ మాత్రం పంపింది. ఆ కాఫీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు.

ఆయన వెళ్ళగానే దండెం కట్టారు, చిలపలు ఎక్కాయి. ముసురు పట్టిన ఓ పొద్దున అమ్మ తడి చేతుల్తో దండెం పట్టుకుంది. ఇక వదల్లేకపోయింది. నాన్న కర్రతో కొట్టి విడిపించేసరికి ప్రాణం పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళు తలరాత అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటివారు మా అరుగు మీద కూలబడి ఏడ్చారు. దగ్గరుండి అన్నీ చూపించాను కదా, ఇనస్పెక్టరు గారు బాగానే ఉందన్నారు కదా అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకున్నారు.

"ఆయన మా ఇల్లు చూళ్ళేదండీ," అన్నాడు నాన్న చివరికి. "చుట్టం వస్తున్నాడని సర్దిన ఇల్లు చూశాడు."