తాళం వెనక స్టార్టరు

ఎనభైల మొదట్లో నేను పెనుకొండ దగ్గర ఒక తాగునీటి పంపుహౌసులో ఆపరేటర్‌ని. ఎండాకాలంలో ఒక శుక్రవారం పొద్దున మోటారు స్టార్టరు కాలిపోయి పంపు ఆగిపోయింది. కొత్త స్టార్టరు నాకు పదడుగుల దూరంలోనే, స్టోరుగదిలో ఉంది. దాని తాళంచెవి మాత్రం హిందూపురంలో మా పై అధికారి దగ్గర. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందోగాని, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బస్సెక్కి హిందూపురం పోయాను. అధికారి లేడు. బంధువుల పెళ్లికి ధర్మవరం వెళ్లాడట. చెవి ఎవరికీ ఇచ్చిపోలేదు. మరునాడు ధర్మవరం చేరి, పెళ్లిపందిట్లోనే ఆయన్ను పట్టుకున్నాను.

"సార్, ఊరికి నీళ్లు నిలిచిపోయి రెండు దినాలాయ. చెవి ఇయ్యండి."

"కాగితం రాసుకొచ్చినావా? సోమవారం ఆఫీసుకు రాప్పో, చూద్దాం" అని, తాంబూలం అందుకోవడానికి లేచిపోయాడు.

ఉత్తచేతులతో తిరిగొచ్చాను. ఆదివారం పొద్దున్నే పంపుహౌసు ముందర ఖాళీ బిందెలతో ఆడవాళ్లు. వాళ్లలో కాన్పుల ఆసుపత్రి ఆయా ఒకామె, నాకంటే పెద్దది, నా మీదికే వచ్చింది.

"ఏమప్పా, ఆడ ముగ్గురు బాలింతలుండారు. ఇంగొకామెకు నొప్పులొస్తాండాయి. డాక్టరమ్మ చేతులు కడుక్కునేకి చెంబుడు నీళ్లు ల్యావు. నువ్వేమో ఈడ కూచోనుండావు!"

"కావాల్సిన సామాను ఆ గదిలోనే ఉండాదమ్మా. తాళం పగలగొడితే నా ఉద్యోగం పోతాది."

"ప్రాణం పోతే నువ్వు తెచ్చిస్తావా?"

గడ్డపార తెచ్చి తాళం పగలగొట్టాను. స్టార్టరు బిగించడానికి పట్టింది అరగంట. ఆ అరగంట పనికోసం ఊరంతా రెండు రోజులు గొంతెండబెట్టుకుంది. మధ్యాహ్నానికి, ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారని ఆయా కబురు చేసింది.

తర్వాతి వారం నాకు మెమో వచ్చింది, ప్రభుత్వ ఆస్తిని పాడుచేశానని. కాగితం నిండా తాళం గురించే. నీళ్ల మాట ఒక్కటీ లేదు! చెవి పంపుహౌసులోనే ఉండాలనీ, అధికారి ఊళ్లో లేనప్పుడు ఎవరు ఏం చేయాలో ముందే రాసిపెట్టాలనీ జవాబిచ్చాను. దానికి సమాధానంగా నన్ను మడకశిర వైపు బదిలీ చేశారు.

నేను వెళ్లిన కొద్దినాళ్లకు పాత పంపుహౌసులో నేను రాసిన పద్ధతే పెట్టారని తెలిసింది. ఆ ఉత్తర్వు మీద సంతకం మా అధికారిదే. తనకు తోచిన మంచి ఆలోచన అని అందరికీ చెప్పుకున్నాడట.