పైనుంచి చదివే పోస్టుమ్యాన్

మనవడి ఫోన్లో మెయిళ్ళు కొత్తవి పైన, పాతవి కింద ఉంటాయి. చూస్తే చాలు, మా ఊరి పోస్టుమ్యాన్ మీద ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయప్ప వచ్చిన జాబును వచ్చినట్టు కట్ట పైన పెట్టుకుని, వారానికొకసారి వచ్చి పైనుంచే చదివేవాడు. ఒకరోజు చదువురాని మా అమ్మకు మొదట, "ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మీ తమ్ముడు లేచి కూర్చున్నాడు, సంగటి తింటాండాడు" అని చదివాడు. తర్వాత దాని కిందుండే పాత జాబు తీసినాడు: "మీ తమ్ముడు దక్కేట్టు లేడు, ఉన్నపళంగా రా."

అమ్మ ఏడుపుకు పక్కనుండే ముద్దనూరులో రైలు ఆగిపోయింది. సరే, అది రోజూ ఆడ ఆగేదే.

"పాతది ముందు చదవల్ల గదప్పా" అని నేను ఎగిరితే, "పైనుండేది ఇడిచిపెట్టి కిందిది యాడన్నా చదువుతారా?" అన్నాడు.

అమ్మ పరుగున పోయి, సంగటి తింటున్న తమ్ముణ్ణి కళ్ళారా చూసి, తిరిగొచ్చి అవే జాబులు ఆయప్ప ముందు పెట్టింది.

"ఈసారి కిందనుంచి చదువు. అప్పుడుగానీ మావాడు నాకు బతకడు."