ఇంగ్లిష్ ఇంటి తడిక గోడ

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను అమెరికాలో మోరిస్‌విల్ దగ్గర ఒక పాత ఇంటి పనిలో వేశారు. నా హోదా హెల్పర్. అంటే మట్టీ సున్నం కలిపి అందించే మనిషి. గోడ మీద చెయ్యి వేసేది ప్లాస్టరర్.

ఆ ఇల్లు అక్కడిది కాదు. ఇంగ్లండులో ఒక పల్లెలో నాలుగు వందల ఏళ్లు నిలిచిన ఇంటిని ఎవరో విప్పించి, దూలం దూలానికీ గుర్తు వేయించి, ఓడలో తెప్పించారట. ఓక్ స్తంభాలు, ఓక్ దూలాలు. ఇనప మేకు లేదు, అతుకులన్నీ కర్ర మేకులే. స్తంభాల మధ్య గడుల్లో అల్లిన తడిక, దాని మీద మట్టి, పైన సున్నం. నాకు నవ్వొచ్చింది. దొరల ఇల్లని భయపడుతూ వెళ్లానా, తీరా చూస్తే మా కృష్ణ లంకల్లో పాకకి మెత్తే గోడే!

విప్పినప్పుడు మట్టి రాలిపోయిన గడులన్నీ సిమెంటుతో పూడుద్దామన్నాడు ఫోర్‌మన్ గ్రెగ్. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు, ఓక్ పుచ్చిపోతుంది. ఆ మాటే ఆర్కిటెక్ట్ నిషాతో చెప్పాను. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. గ్రెగ్‌తో వాదించి నాకు ఒక గడి ఇప్పించింది. పై శుక్రవారానికి పగలకుండా ఉంటే ఇల్లంతా మట్టి, పగిలితే సిమెంటు.

మొదటిసారి మర్నాటికే పగిలింది, గడువు ఇంకా ఉంది. తప్పు నాదే. పేడ కావాలంటే స్టోర్ నుంచి సంచి తెచ్చిచ్చారు, చూడకుండా కలిపేశాను. అది మొక్కలకి వేసే ఎండు ఎరువు, జిగురే లేదు. నిషా నన్ను తన కొత్త కారులో డైరీ ఫామ్‌కి తీసుకెళ్లింది. రెండు బకెట్ల పచ్చి పేడ ఎక్కించాం.

"ఆంటీ, విండో ఓపెన్ చేయండి! నా కార్ స్మెల్ వస్తుంది!"

"రానీ తల్లీ. నీ పెళ్లి నాటికి పోతుందిలే."

"అప్పటిదాకానా? నో వే!"

పేడ, మట్టి, తరిగిన గడ్డి కలిపి కాళ్లతో తొక్కాలి. ఇదేం డాన్సు అని గ్రెగ్ వేళాకోళమాడాడు. కాసేపటికి తనే బూట్లు విప్పి దిగాడు. నిషా కూడా దిగింది. ముగ్గురం మోకాళ్లదాకా మట్టిలో, ఒకటే నవ్వులు.

ఆ మట్టితో గడి మళ్లీ మెత్తాను. శుక్రవారం గ్రెగ్ దాన్ని నాలుగు మూలలా బొటనవేలితో నొక్కాడు. పిడికిలితో తట్టి చెవి పెట్టాడు. గుల్ల లేదు, పగులు లేదు. సిమెంటు బస్తాలు తిరిగి ట్రక్కెక్కించమన్నాడు. సోమవారం నుంచి నన్ను ప్లాస్టరర్‌గా వేశాడు.

అప్పుడు నేర్చుకున్నది ఇది. సరుకు పేరు మాత్రం చెబితే ఆ పేరున్నది ఏదో ఒకటి వస్తుంది. ఏ పనికో చెప్పి తెప్పించాలి, చేత్తో పట్టి చూడాలి, ఆ తర్వాతే కలపాలి.