ముందు మైకు దగ్గరికి

మా బావగారికి విజయవాడ వన్ టౌన్‌లో మైకు సెట్ల దుకాణం ఉంది. కూర చప్పగా ఉన్నా, పొలంలో వరి ఎర్రబారినా, కంప్యూటర్ తప్పు లెక్క చూపినా ఆయనది ఒకటే మాట: "ముందు ఇన్‌పుట్ చూడండి." బయటికొచ్చిన దాన్ని తిట్టే ముందు లోపలికి ఏం వెళ్ళిందో చూడాలంటారు. మేం నవ్వుకునేవాళ్ళం.

పోయిన క్రిస్మస్‌కి మా అమ్మాయి చర్చిలో మొదటిసారి పాడాలి. బావగారి మైకు సెట్టుతోనే ప్రాక్టీసు. పక్క మైకులో నేనూ గొంతు కలిపాను. అమ్మాయి పాట ఎవరికీ వినబడలేదు.

"గట్టిగా పాడమ్మా! బావగారూ, మీ సౌండు బాక్సులు పాతబడ్డాయండీ!" అని అరిచాను.

"బాక్సుల్నేం అనకు బావా. ముందు ఇన్‌పుట్ చూద్దాం," అంటూ ఆయన స్టేజీ ఎక్కారు. అమ్మాయి మైకుని ఆయన ముట్టుకోలేదు. నా మైకు వైరు పీకేశారు.

అమ్మాయి గొంతు వెనక బెంచీల దాకా వెళ్ళింది. అంతసేపూ దాన్ని కప్పేసింది నేనే. ఇంట్లోనూ అంతే.

మొన్న అన్నాల దగ్గర, "నాన్నా, డిగ్రీ అయ్యాక నేను..." అని అమ్మాయి మొదలుపెట్టింది. అలవాటుగా ఆ మాట నేనే పూర్తి చేయబోయాను. వైరు పీకిన చెయ్యి గుర్తొచ్చింది. నోరు మూసుకుని చివరిదాకా విన్నాను.