నాయనమ్మ కుంటిన నెల

వావిలాకు మరిగిన వాసన లిఫ్టు దాకా వస్తోందని పక్క ఫ్లాటావిడ ముక్కు మూసుకుంది. మూసుకోనీ. నా కూతురు పన్నెండు రోజుల బాలింత. వావిలాకు నీళ్లు పోయకపోతే నేనేం తల్లిని? నా బాధ వాసన కాదు. ఆ పిల్ల బిడ్డకు పాలిచ్చి, పార్సిల్ అప్పగించినట్టు నా చేతుల్లో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంటోంది. బిడ్డతో ఒక్క మాట లేదు.

కాన్పుతోనే తల్లిప్రేమ పొంగుకొస్తుందని రాసేవాళ్లు ఏ బాలింత పక్కనా ఒక పూట కూర్చుని ఉండరు. నేను కూర్చున్నాను, ఎనిమిదేళ్లప్పుడు.

భద్రాచలం అడవి అంచున మా ఊరు. ఇప్పపూలు రాలే ఎండాకాలంలో నాయనమ్మ తెల్లవారకముందే బుట్టతో పోయి, చెట్ల కింద పూలు ఏరుకొచ్చి, వాకిలంతా ఆరబోసి, ఆ తియ్యటి మత్తువాసన వదలని చేతులతోనే పీట మీద కాళ్లు చాపుకుని, నా తమ్ముణ్ణి బోర్లా వేసుకుని, నువ్వుల నూనె మర్దించి, సున్నిపిండి రుద్ది, మోచేత్తో వేడి చూసి నీళ్లు పోసేది. ఇంట్లో పెద్దామె ఉండగా బాలింత ఆ పని ముట్టకూడదు. అమ్మ కూడా ముట్టాలనుకోలేదు. అచ్చం ఇలాగే గోడకు తిరిగి ఉండేది.

ఒక పొద్దున నాయనమ్మ మోకాలు పట్టుకుని కూలబడి అమ్మను కేకేసింది.

"కాలు వంగుతలేదు పిల్లా. ఇయ్యాల నువ్వే పొయ్యాలె నీళ్లు."

నా నోరు అప్పుడూ ఆగేది కాదు. "పొద్దుగాల అడివిల బాగనే ఉరికినవ్ గదా నాయనమ్మా?"

నాయనమ్మ గిల్లిన గిల్లుడుకు నా తొడ వారం కమిలింది.

అమ్మ పీట మీద కూర్చుని తమ్ముణ్ణి కాళ్ల మీద వేసుకుంది. తమ్ముడు ఊరంతా వినేలా ఏడ్చి, ఆమె కుచ్చిళ్ల మీద ఉచ్చ పోశాడు. అమ్మ వాడిని కాసేపు చూసింది.

"నేను నీకు పోస్తుంటె నువ్వు నాకు పోస్తున్నవారా?"

అది వాడితో ఆమె మొదటి మాట. మర్నాడు ఎవరూ చెప్పకుండానే పీట వేసుకుంది.

నాయనమ్మ మాత్రం నెలంతా కుంటింది. ఎవరైనా చూసి అమ్మకు చెబుతారని అడవికీ పోలేదు. ఆ ఏటి పూలన్నీ ఇతరులే ఏరుకున్నారు.

ఈ పొద్దున నేనూ కుంటుకుంటూ వచ్చి, మోకాలు పట్టుకుని సోఫాలో కూలబడ్డాను. నా కూతురు విసుక్కుంటూ బిడ్డనెత్తుకుని స్నానాలగదిలోకి పోయింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అమ్మ తలెత్తలేదు.

"రెండు కాళ్లు మార్చి మార్చి కుంటుతున్నవ్. మీ నాయనమ్మ నెలంతా కుడికాలే కుంటింది."

ఆ ఇప్పచెట్లు రోడ్డుకు పోయాయి. ఆ వాకిలి లేదు. కాళ్లు చాపితే తలుపు పడని స్నానాలగదిలోంచి నా కూతురి గొంతు వినిపించింది. బిడ్డను తిడుతోంది, మెల్లగా.