మా ఆవిడ తొక్కని నడుము

మా ఆవిడ ఎదురుకాళ్లతో పుట్టింది. అంటే తల్లి కడుపులోంచి ముందు కాళ్లు వచ్చాయి, ఆ తర్వాతే తల. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదిలిపోతుందని మా పల్నాట్లో గట్టి నమ్మకం. గురజాలలో కాపురం పెట్టిన కొత్తల్లోనే ఈ సంగతి బయటపడింది. ఇక చూడండి, పొద్దు పొడవకముందే నడుములు పట్టుకుని మా గుమ్మం ముందు జనం. చర్చికి పోయేవాళ్లూ వచ్చేవాళ్లు, గుడికి పోయేవాళ్లూ వచ్చేవాళ్లు. వాళ్లు గడప దగ్గర బోర్లా పడుకుంటే మా ఆవిడ కొంగు బిగించి మడమతో నడుము మీద మెల్లగా తొక్కేది. "లే పిన్నీ, ఇంక పో" అనేది. పిన్ని లేచి నడుచుకుంటూ పోయేది. వీధిలో ఆవిడకున్న గౌరవం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారినైన నాకు లేదు. నాకు కాస్త కుళ్లుగా కూడా ఉండేది.

అరవైల మొదట్లో ఒక చలికాలం, అకాల వానకు తడిసిన మా బడి మైదానం రేగడిలో వాలీబాల్ స్తంభం కూరుకుపోయింది. నలుగురు పట్టాల్సిన దాన్ని నేనొక్కణ్ణే పెరుకుతానని వంగాను. పిల్లలంతా చూస్తున్నారు గదా, ఆ మాత్రం డాబు లేకపోతే ఎలా! స్తంభం కదల్లేదు గానీ నా నడుములో ఏదో కలుక్కుమంది. సాయంత్రానికి ఎడమ పిరుదు నుంచి మడమ దాకా నిప్పు పాకినట్టయింది. మర్నాటికి కాలి బొటనవేలు గిల్లినా తెలియలేదు.

మా అమ్మ కోడలిని పిలిచింది.

"ఏమే, ఇంకా చూస్తా నిలబడ్డావేంది? తొక్కు."

"తొక్కను అత్తా."

"ఊరందరికీ తొక్కుతావు, మొగుడి నడుమంటే అంత అలుసా నీకు?"

"ఉత్త పట్టయితే తొక్కుదును. ఈయన కాలు మొద్దుబారింది. ఇదేందో నాకు తెలవదు. తెలవని దాంట్లో నేను దిగను."

నేనూ బతిమాలాను, తిట్టాను. గడప దగ్గర బోర్లా పడుకుని "తొక్కవే తల్లీ" అని ఏడ్చినంత పని చేశాను. ఊహూ! మొగుడి మీద ఏదో కసి తీర్చుకుంటోందని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ చేత తొక్కించుకున్న పిన్నమ్మలే మొహం తిప్పుకున్నారు. ఆవిడ అవేవీ చెవిన పెట్టలేదు. నన్ను బండిలో పడుకోబెట్టి స్టేషన్‌కి చేర్చి, మాచర్ల నుంచి వచ్చే రైలెక్కించి గుంటూరు తీసుకుపోయింది. మా అమ్మ దారి పొడుగునా సణుగుతూనే వచ్చింది.

అక్కడి డాక్టరు నా కాలు పైకెత్తి చూసి, "ఎవరి చేతైనా తొక్కించారా?" అని అడిగాడు. లేదన్నాం. "బతికించారు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ల ఉంటుంది. అది జారి నరాన్ని నొక్కుతోంది. తొక్కించి ఉంటే కాలు పడిపోయినా పడిపోయేది" అన్నాడు. తిరుగు రైల్లో మా అమ్మ తను కప్పుకున్న దుప్పటి తీసి కోడలికి కప్పింది.

ఆ తర్వాత వారాల తరబడి బల్ల మీద పడక. వేసవి సెలవులు అయ్యేసరికి మైదానంలో నిలబడలేకపోతే ఇంకొకరిని వేసుకోక తప్పదని హెడ్మాస్టారు కబురంపారు. డ్రిల్లు తప్ప నాకు వేరే విద్య రాదు. ఆ భయంతో, డాక్టరు నడవమనగానే పరుగెత్తబోయాను. మా ఆవిడ పరుగెత్తనిస్తేనా! పొద్దున్నే తన చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా నడక. వచ్చాక బోర్లా పడుకుని రొమ్ము మాత్రం పైకెత్తడం, వెల్లకిలా తిరిగి పొట్ట బిగించడం. మా బడిలో చిన్న పిల్లలు కూడా నవ్వే కసరత్తు అది. దానికి ఆవిడ నా గొంతునే అనుకరిస్తూ "ఏక్, దో" అని ఆర్డర్లు వేసేది. ఒకటి ఎక్కువ చేస్తే ఒప్పుకునేది కాదు. "ఏందా తొందర? ఇస్కూలు ఎక్కడికీ లేచిపోదు" అని కసిరేది. జీవితంలో ఎందరో డ్రిల్లు మాస్టర్లను చూశాను. అంత గట్టి మాస్టారు ఇంకొకరు తగల్లేదు.

బడి తెరిచిన రోజు ముక్కాలిపీట మీద కూర్చుని, మోకాలు పైకి తెచ్చుకుని, కాన్వాసు బూట్ల తాళ్లు నేనే కట్టుకున్నాను. అన్నాళ్లూ ఆవిడే కట్టింది. ఆ సంతోషంలో వేళాకోళమాడాను.

"ఏమే, నీ కాలి మీద నీకే నమ్మకం లేదన్నమాట."

"ఎందుకు లేదు? చానా ఉంది."

"మరి నన్నెందుకు తొక్కలేదు?"

ఆవిడ నా చొక్కా కాలరు సర్దింది. "ఊళ్లో వాళ్లకు తగ్గుద్దనే అనుకుని తొక్కుతా. మీరు అట్టా బోర్లా పడుకునేసరికి, తగ్గకపోతే నేనేమైపోవాలని అనిపించింది. కాలు లేవలా" అంది.

నేను బడికి పోయాను. పిల్లలు వరసల్లో నిలబడి ఎదురుచూస్తున్నారు. విజిల్ నోట్లో పెట్టుకున్నాను గానీ, ఊదకుండానే తీసేసి మా ఆవిడలాగే మెల్లగా "ఏక్, దో" అని మొదలుపెట్టాను.