కోలాటం మాస్టరూ, మా కాలనీ పెద్దమనుషులూ

మా కాలనీలో పెద్దమనిషి అనిపించుకోవడం చాలా తేలిక. తెల్ల చొక్కా వేసుకుని, మైకు దొరికినప్పుడల్లా సంస్కృతి గురించి మాట్లాడితే చాలు. ఖానాపురం హవేలిలో మేం ఇల్లు కట్టుకున్న ఏడాదే కోలాటం మాస్టరు అలా పెద్దమనిషి అయిపోయాడు. రిటైరైన ఉద్యోగి. కమ్యూనిటీ హాల్లో ఆడపిల్లలకు ఉచితంగా కోలాటం నేర్పేవాడు. ఇంతకుముందు ఎక్కడ నేర్పాడు, అక్కడ ఎందుకు మానేశాడు అని ఒక్కరూ అడగలేదు. బీరువా కొనేటప్పుడు తలుపు పదిసార్లు తీసి వేసి చూసే మనుషులు, పిల్లల్ని మాత్రం చూడకుండానే అప్పగించేశారు.

మా అక్క కూతురు అప్పుడు నా దగ్గర ఉండి చదువుకుంటోంది. ఇల్లందు దగ్గర మా తండా. అక్కడ ఐదో తరగతి దాటితే బడి దూరమని అక్క దాన్ని నా ఇంట్లో వదిలింది. ఇంట్లో మా భాషలో గలగలా మాట్లాడేది, తెలుగులో అయితే కాస్త ఆచితూచి. కోలాటమంటే ప్రాణం. పర్ణశాల గుడి దగ్గర ప్రదర్శన ఉందని అందరికీ ఒకే రంగు పట్టు లంగాలు కుట్టించారు. లంగా ఇంటికొచ్చిన రోజే పిల్ల ఇక కోలాటానికి పోనంది.

జడ వేస్తూ మెల్లగా అడిగాను. గోడవైపు చూస్తూ చెప్పింది.

"అందరు పోయినంక నన్నొక్కదాన్నే ఆపుతడు చిన్నమ్మా. వద్దన్నా మీద చేతులేస్తడు. ఎవరికన్నా చెప్తే మీ చిన్నమ్మ నిన్ను తండాకు పంపిస్తది అన్నడు."

దువ్వెన పక్కన పెట్టాను. పిల్లను నావైపు తిప్పుకుని, "చెప్పి మంచిపని చేసినవ్ బిడ్డా. తప్పు వానిది. నిన్ను ఎక్కడికీ పంప" అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, అన్నం పెట్టమంది.

మా ఆయన విని, కోపం ఆపుకోలేక పక్కింటాయనతో చెప్పేశాడు. సాయంత్రానికల్లా కాలనీ ప్రెసిడెంటు దగ్గరనుంచి కబురొచ్చింది. ఆయన మధిర వైపునుంచి వచ్చిన రైతు, ఇక్కడ ప్లాట్ల వ్యాపారం. వీధి లైటు వెలగడం లేదని ఆరు నెలలు మొత్తుకుంటే కదలని మనిషి, ఈ విషయానికి గంటలో అందర్నీ హాల్లో పోగేశాడు. మాస్టరు కూడా వచ్చాడు. నుదుట బొట్టు, రెండు చేతులూ జోడించి, తల వంచుకుని. వినయం నటించడం బాగా వచ్చు.

"చూడమ్మా, చెయ్యి పట్టుకోకుండా కోలాటం ఎలా నేర్పుతారు? చిన్నపిల్ల, పొరబడి ఉంటుంది" అన్నాడు ప్రెసిడెంటు.

"పదకొండేండ్ల పిల్లకు కోలాటమేదో, ఇదేదో తెల్వదా సార్?"

"మీ తండాల్లో ఎలా ఉంటుందో గానీ, ఇక్కడ పదిమందిలో ఇలాంటి మాటలు మాట్లాడుకోం."

"చేసేటోనికి లేని సిగ్గు, చెప్పేటోళ్ళకు ఎందుకు సార్?"

ప్రెసిడెంటు బేరానికి దిగాడు. "సరే, మాస్టారు సారీ చెబుతారు. పర్ణశాల ప్రోగ్రాం అయ్యేదాకా ఆగుదాం. దేవుడి కార్యం."

"ప్రోగ్రాం దేవునిది. పిల్ల మాది సార్."

వెనక కుర్చీలోంచి ఒకాయన ఎంతో దయగా, "పాపను కొన్నాళ్ళు ఊరికి పంపించండమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. ఆ దుర్మార్గుడు ఏ మాటతో పిల్లను బెదిరించాడో, సరిగ్గా అదే మాటను ఈ పెద్దలు సలహాగా ఇస్తున్నారు. ఇక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. మా ఆయన బండి తీశాడు. నేరుగా పోలీసు స్టేషనుకు పోయాం.

మర్నాడు ఒక మహిళా ఎస్సై మామూలు చీరలో ఇంటికొచ్చింది. అక్క కూడా తండానుంచి పొద్దుటి బస్సుకే వచ్చేసింది. ఎస్సై చాపమీద కూర్చుని, తొందరపెట్టకుండా, పిల్ల చెప్పినంత వింది. పిల్ల ఆగితే తనూ ఆగింది. మా భాషలో చెప్పిన మాటల్ని అక్క తెలుగులో చెప్పింది.

చివర్లో పిల్ల, "నన్ను తండాకు పంపిస్తరా మేడం?" అని అడిగింది.

"నిన్నెందుకు పంపిస్తం? పంపాల్సినోడు వేరే ఉన్నడు" అంది ఎస్సై.

పోక్సో కేసు పెట్టారు. మాస్టరును ఇంటినుంచే తీసుకుపోయారు. ఆ రోజు ప్రెసిడెంటు మా గేటు దగ్గరకొచ్చాడు. పిల్ల ఎలా ఉందని అడగడానికేమో అనుకున్నాను. కాదు. పేపర్లో కాలనీ పేరు రాకుండా చూడాలట, వస్తే ప్లాట్లు కొనేవాళ్ళు వెనకాడతారట.

తర్వాత వారం పై వీధిలో ఉండే ఒకామె మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చుంది. "మా బిడ్డ పోయినేడు కడుపునొప్పని కోలాటం మానేసింది. దవాఖానకు తీస్కపోయినం గానీ, ఎందుకని అడగలే" అంది. ఇప్పుడు బిడ్డను అడిగి, అదే మాట విన్నాకే వచ్చింది. ఆమె వెంట ఇంకో తల్లి వచ్చింది. ఇద్దరూ పోలీసులకు చెప్పారు. మాస్టరు తరఫు వకీలు దీన్ని కాలనీ రాజకీయమని ఎంత కొట్టిపారేసినా, ముగ్గురు పిల్లల మాట ముందు నిలబడలేదు. కోర్టులో వాడు కనబడకుండా తెర కట్టారు. మా పిల్ల జడ్జిగారికి అంతా తెలుగులోనే చెప్పింది. శిక్ష పడింది.

శిక్ష పడిన రోజునుంచి మా పెద్దమనుషుల జ్ఞాపకశక్తిలో వింత మార్పు వచ్చింది. "మేం మొదటినుంచీ ఆ కుటుంబానికి అండగా నిలబడ్డాం" అంటాడు ప్రెసిడెంటు మైకులో, తొణకకుండా. వెనక కుర్చీ దయామయుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొడతాడు.

ఇప్పుడు హాల్లో ఏ క్లాసు జరిగినా తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. ఇద్దరు తల్లులు వంతులేసుకుని కూర్చుంటాం. మొన్న కరాటే నేర్పడానికి ఒక కుర్రాడు వస్తే, పాత ఊళ్ళో అతను నేర్పిన పిల్లల తల్లులకు ఫోన్లు చేసి కనుక్కున్నాకే ఒప్పుకున్నాం. అతను నొచ్చుకోలేదు. నొచ్చుకున్నది ప్రెసిడెంటు.

"ఏంటమ్మా ఇది, మనుషుల మీద బొత్తిగా నమ్మకం లేదా మీకు?"

"అవ్ సార్," అన్నాను, "లేదు."